తియ్యమంటే పీకారు, మూయమంటే కట్టారు

పోయినవారం బైండరమ్మని మనం నడివీధిలో ఎండకు వదిలేసి వచ్చాం. మధ్యాహ్నం మూడు గంటలు. భుజాన కాలికో గుడ్డ చుట్ట, కాళ్ల దగ్గర అట్టల కట్ట. పొద్దున తను తాళం వేసుకుని వెళ్లిన తలుపు ఉండాల్సిన చోట కొత్త గోడ. వేలు పెట్టి చూస్తే సిమెంటు ఇంకా తడిగా అంటుకుంది. ఆ వేలు తుడుచుకునే తీరిక కూడా ఆవిడకి ఇవ్వకుండా అక్కణ్ణుంచే అందుకుందాం.

కొత్తగా చేరినవాళ్లకి రెండు ముక్కలు. ఈవిడ పాత పుస్తకాలకు బైండింగు చేస్తుంది. చిరిగినవి విప్పి, కుట్టి, అట్ట వేసి, కాలికో అంటించి, ఇనప ప్రెస్సులో బిగించి, ఇంకో పదేళ్లు ఆయుష్షు పోసి పంపుతుంది. ఎండాకాలం సెలవులే ఆమెకు పంటకాలం. ఈసారి బడి లైబ్రరీ వాళ్లు మూడువందల పన్నెండు పుస్తకాలు పంపారు. బడి తెరిచే రోజుకు అన్నీ వెనక్కి చేరాలి, గడువు ఇంకా పద్దెనిమిది రోజులే. ఇంటికి పక్కగా ఉన్న చిన్నగదిలో ఆమె పని. ఆ గదికి హాల్లోకి ఒక గుమ్మం, వీధిలోకి సొంత తలుపు ఉంది. ఉండేది. ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో ఆమె ఎవరినీ అడక్కుండా తెరుచుకుని, ఎవరికీ చెప్పకుండా మూసుకున్నది ఆ ఒక్క తలుపే. అది పోతే గది పోయినట్టు, గది పోతే పని పోయినట్టు. ఈ సంగతి ఆమెకు తెలుసు. ఇంట్లోవాళ్లకి ఇంకా బాగా తెలుసు.

ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని బాగుచేయిస్తూ అందులోనే కాపురం ఉండి చూడమని మాత్రం అనలేదు, వాళ్లకి మనమీద కాస్త జాలి ఉండబట్టి. ఆ ధైర్యం చేసింది ఆమె తోడికోడలు. ఏదో పత్రికలో "వేసవిలో ఇంటిపని, ఇంట్లోనే హాయి" అని ఒక వ్యాసం చదివి, అది కత్తిరించి ఫ్రిజ్జుకి అంటించి, ఆఫీసుకి నెల సెలవు పెట్టేసింది. దుమ్ము గదులు ఇవి, దుమ్ము లేని గదులు ఇవి. స్నానాలు ఈ వేళకి, సుత్తి దెబ్బలు ఈ వేళకి. ఎవరి కంచం వాళ్లు కప్పుకోవాలి. అన్నీ కాగితం మీద గీతలు గీసి రాసింది. టైంటేబులమ్మ అని ఆమెకు చాటుగా పేరు పెట్టింది బైండరమ్మ మొగుడే. ఆ పేరు చెప్పుకుని మొగుడూ పెళ్లామూ దుప్పటి కప్పుకుని నవ్వుకున్న రోజులు కూడా ఉన్నాయి, మరీ పాతవేం కాదు.

బైండరమ్మ అట్టల కట్ట అక్కడే గోడవారగా వదిలేసి, ఇంటిని చుట్టి పెద్దగేటులోంచి హాల్లోకి వచ్చింది.

హాలంటే ఇప్పుడు అదే ఇల్లు. వంటగది పలకలు వేయించుకుంటోంది కనక స్టవ్వు స్నానాలగది పక్కన స్టూలెక్కింది. ఫ్రిజ్జు సోఫాకి అడ్డం, సోఫా కిటికీకి అడ్డం, అందరూ అందరికీ అడ్డం. వంటగదివైపు పెద్ద ప్లాస్టిక్ తెర వేలాడదీశారు. దుమ్ము ఆ తెరని చూసి భయపడి ఆగిపోతుందని వ్యాసంలో రాసి ఉంది. దుమ్ముకి చదువు రాదు కాబోలు, మంచినీళ్ల మీద కూడా తెట్టులా తేలుతోంది. మడతమంచం మీద అత్తగారు తలమీద తడిగుడ్డ వేసుకుని కూర్చుని ఉంది. టేబుల్ ఫ్యాను ముందు తోడికోడలు ఏదో రాసుకుంటోంది.

"నా తలుపేదక్కా?"

"వచ్చావా చెల్లాయ్. ముందు కూర్చో, ఎండనబడి వచ్చావు. మంచినీళ్లు తాగుతావా?"

"నా తలుపు."

తోడికోడలు పెన్ను మూత పెట్టి, నింపాదిగా పక్కన పెట్టింది. "అదే చెప్పబోతున్నా. ఘోరమైన పొరపాటు జరిగిపోయిందమ్మా. చెప్పాలంటే నాకే నోరు రావటం లేదు. పొద్దున నువ్వెళ్లాక నీ గదిలోకి తొంగిచూస్తే ఒకటే ఉక్క. పుస్తకాలు చెమ్మ ఎక్కుతాయేమోనని నాకు బెంగ పట్టుకుంది. మేస్త్రీతో ఆ వీధి తలుపు తీసెయ్యవయ్యా, కాస్త గాలాడుతుంది అన్నాను. అని స్నానానికెళ్లాను. వచ్చేసరికి వీధిలో దుమ్మంతా లోపలికి కొడుతోంది. అయ్యో, మూసెయ్యవయ్యా అన్నాను. అంతే నేనన్నది. తియ్యమంటే పీకాడు, మూయమంటే కట్టాడు. ఇలాంటి మనిషిని నేనెక్కడా చూళ్లేదు."

అత్తగారు మంచం మీంచి అందుకుంది. "మాట అటూ ఇటూ అయిందే. ఇంటిపనన్నాక ఇలాంటివి మామూలే."

నిజం చెప్పొద్దూ, బైండరమ్మ ఒక్క నిమిషం నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, మన మాటలే అలా ఏడిశాయి. లిస్టులోంచి పేరు తీసెయ్యమంటే కొట్టెయ్యమని. గోడ తీసెయ్యమంటే పడగొట్టమని. తలుపు తీసెయ్యమంటే తెరవమని. అన్నింటికీ ఒకటే మాట పెట్టుకుని ఇన్నాళ్లూ ఎవరి కొంపా కూలకుండా ఎలా బతికామో ఆ దేవుడికే తెలియాలి. తియ్యమంటే తీశాడు, మూయమంటే మూశాడు. తాపీ పట్టేవాడికి తలుపు మూయటమంటే ఇటుకలేగా మరి.

కానీ పుస్తకాలు విప్పి కుట్టేవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. పేజీల నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూడందే సూది గుచ్చరు. ఈవిడ కూడా చూసింది. ఒక పేజీ లేదు.

"నేను బయటినుంచి తాళం వేసి వెళ్లానక్కా. తాళంచెవి ఇదుగో, నా కొంగునే ఉంది. తాళం వేసిన తలుపుని గాలికోసం తియ్యమని ఎలా చెప్పావు?"

తోడికోడలు రెప్ప వెయ్యలేదు. "తాళం ఉందో గొళ్లెం ఉందో లోపలినుంచి నాకేం కనబడుతుంది? నీ పుస్తకాలు బాగుండాలని చూసినందుకు నాకిది కావాలి. మంచికి పోతే చెడు ఎదురవటమంటే ఇదే."

అప్పుడే గేటు చప్పుడైంది. మొగుడు డ్యూటీ దిగి వచ్చాడు. బస్సు డ్రైవరు. ఉదయం షిఫ్టు అయితే ఈ వేళకి ఇంటికొస్తాడు, ఖాకీ చొక్కా వీపున అంటుకుపోయి. గుమ్మంలో చెప్పులు విడిచాడు. పెళ్లాం మొహం వైపు చూడకుండా ఆమె భుజానున్న గుడ్డచుట్ట వైపు చూశాడు.

"చూశారా?" అంది బైండరమ్మ.

"ఆ, చూశాను. వీధిలోంచే కనబడింది." చొక్కా గుండీలు విప్పుకుంటూ ఫ్యాను వైపు నడిచాడు. "పోనీలే, ఏం చేస్తాం. మేస్త్రీ పొరపాటు పడ్డాడటగా."

ఒక్క 'ట'. నోటి చివర పుట్టి గాలిలో పోయే అక్షరం. దానికి ఇంత బరువుంటుందని ఆ డ్రైవరుకి ఎన్నడూ తెలియదు. చూసినవాడు పడ్డాడు అంటాడు, విన్నవాడు పడ్డాడట అంటాడు. ఇతను ఇంకా ఇంట్లోకి కాలు పెట్టి అరనిమిషం కాలేదు.

"ఇప్పుడే కదా వచ్చారు. మీకెవరు చెప్పారు?"

"అమ్మ ఫోన్ చేసింది," అన్నాడు మొగుడు.

"నేనే ఫోన్ చేశాలే," అంది తోడికోడలు.

రెండు మాటలూ ఒకేసారి వచ్చి హాలు మధ్యలో గుద్దుకున్నాయి. అత్తగారు తలమీద తడిగుడ్డ తీసి, పిండి, మళ్లీ వేసుకుంది. నీళ్లు నేలమీద పడ్డాయి. ఎవరూ తుడవలేదు.

బైండరమ్మ గుడ్డచుట్ట సోఫా మీద పెట్టింది. అంతవరకూ కోపమే అనుకుంది గానీ ఇప్పుడు భయం వేసింది. తలుపు పోయిన భయం కాదు. ఎదురుగా ఉన్న ముగ్గురిలో తనవైపు ఎవరున్నారో లెక్క తేలటం లేదు. పొద్దున తను కారేజీ కట్టి ఇచ్చి వెళ్లిన మనిషి కూడా ఆ లెక్కలో కుదురుగా నిలబడటం లేదు.

ఇంతలో పెరటివైపు నుంచి మేస్త్రీ వచ్చాడు, చేతులు కడుక్కుని లుంగీకి తుడుచుకుంటూ. అరవై దాటిన మనిషి, బక్కపలచన, చెవిమీద ఎర్ర పెన్సిలు. నోరు విప్పబోయేలోగానే తోడికోడలు లేచింది.

"ఏమయ్యా మేస్త్రీ, నీకసలు బుద్ధుందా? తలుపు తీసెయ్యమంటే తెరవమని చంటిపిల్లకి కూడా తెలుసే. నువ్వు చేసిన పనికి ఇక్కడ మా ఇంట్లో గొడవలవుతున్నాయి. ఆవిడకి ఏం సమాధానం చెబుతావో నువ్వే చెప్పు."

మేస్త్రీ తల వంచుకుని అంతా విన్నాడు. విని, ఫ్యాను ముందు నిలబడ్డ డ్రైవరు వైపు తిరిగాడు.

"చినబాబూ, మీరు కూడా ఇదే అంటున్నారా?"

గోడమీద పిల్లి ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకవైపు దూకాలి. దూకాడు. "జరిగిందేదో జరిగిపోయింది మేస్త్రీ. పొరపాటు ఎవరికైనా వస్తుంది. పెద్దది చెయ్యకు."

మేస్త్రీ మొహం ఎర్రబడలేదు, గొంతు పెరగలేదు. చెవిమీద పెన్సిలు తీసి చూపించాడు, అంతే.

"నేను తాపీ పట్టి నలభై ఒక్క ఏళ్లు, చిన్నమ్మగారూ. మొదట్లో ఒక ఆసామి పళ్లు తోముకుంటూ, చెయ్యి ఊపి, ఆ గోడ తీసెయ్ అన్నాడు. తీసేశాను. అది కాదు, అవతలిదట. ఆ పూట తిన్న తిట్లు ఇప్పటిదాకా అరగలేదు. అప్పట్నుంచి నోటిమాట మీద నేను గునపం పట్టను. పీకాల్సిన దానిమీద ఇంటివాళ్లు వాళ్ల చేత్తో ఇంటూ గుర్తు పెట్టాలి, కింద సంతకం చెయ్యాలి. అప్పుడే కొడతాను. పెద్దకోడలుగారికి ఈ సంగతి తెలుసు. వంటగది గోడకి ఆవిడే గీశారు."

"ఇప్పుడవన్నీ ఎందుకు?" అంది తోడికోడలు. గొంతులో తీపి పోయింది.

"నన్ను అడిగేదాకా నేను చెప్పలేదమ్మా. మీ ఇంటి సంగతులు నాకెందుకని. కానీ నలుగురిలో నాకు పని రాదంటే మాత్రం ఊరుకోను. రండి చిన్నమ్మగారూ."

పెరట్లో నీళ్లతొట్టి పక్కన గోనెసంచులు కప్పి తలుపు ఆనించి ఉంది. ఎండకి చెక్క వేడెక్కి ఉంది. వీధివైపు ఉండే ముఖం పైకి కనబడుతోంది, పుస్తకాలు బైండు చేయబడును అని తను రాసిన పచ్చరంగు అక్షరాలతో. తాళంకప్ప గొళ్లేనికి అలాగే వేలాడుతోంది. తాళం తియ్యకుండా చట్రంతో సహా పెకలించారన్న మాట. మేస్త్రీ ఒకవైపు పట్టాడు, ఆమె ఒకవైపు పట్టింది. తలుపుని తిప్పి నిలబెట్టారు.

లోపలివైపు నడుమ ఎర్రటి ఇంటూ గుర్తు. కింద సంతకం.

ఆ సంతకం ఆమె పెళ్లి రిజిస్టరులో చూసింది. బ్యాంకు కాగితాల మీద చూసింది. డ్యూటీ షీట్ల మీద వందసార్లు చూసింది. మొదటి అక్షరం కొండంత, మిగతావన్నీ చీమలంత, చివర ఆగటం ఇష్టం లేనట్టు సాగిన గీత. ఆ చెయ్యి పెన్సిలు నొక్కిపట్టి, తొందర లేకుండా, శుభ్రంగా రాసిన సంతకమే అది. వేలితో ఆ గీతని చివరిదాకా తడిమింది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

అందరూ వెనకే వచ్చి పెరటిగుమ్మంలో నిలబడ్డారు. అత్తగారు కూడా.

"ఎప్పుడు గీశారు?" అంది.

"లోపలికి పద. కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు మొగుడు.

"ఇక్కడే మాట్లాడండి. ఎప్పుడు?"

"పొద్దున. నువ్వు తాళం వేసి వెళ్లాక, నేను డ్యూటీకి బయల్దేరే ముందు." మింగలేక కక్కలేక నేలచూపులు చూశాడు. "నీకు చెబుదామనే ఉంది. పని అయ్యాక నెమ్మదిగా చెబుదామని. మేం అనుకున్నదేంటంటే…"

ఆమె చెయ్యి ఎత్తింది. అతను ఆగాడు.

మనం అంటే నువ్వూ ఉన్నావని. మేం అంటే నువ్వు లేవని. తెలుగు నోరు పలికేవాడెవడూ ఈ రెండింట్లో పొరపాటు పడడు, నడక నేర్చిన పిల్లాడు కూడా పడడు. తీసెయ్యి అన్న మాటకి ఎన్ని అర్థాలైనా లాగొచ్చు. దీనికి ఒకటే. ఎనిమిదేళ్ల కాపురంలో మనం బియ్యం తేవాలి, మనం పెళ్లికెళ్లాలి, మన ఇల్లు అని అలవాటుగా అన్న మనిషి, ఇవాళ అంతే అలవాటుగా మేం అన్నాడు. అన్నట్టు అతనికి తెలియను కూడా తెలియలేదు. ఆమెను కాల్చింది అదే.

"మేం అంటే ఎవరెవరు?"

"ఎవరెవరేంటి?"

"చెప్పండి. మేం అన్నారుగా. నేను కాక ఇంకెవరెవరు?"

"అన్నయ్య, వదిన, అమ్మ, నేను," అన్నాడు. "మొన్న ఆదివారం. నువ్వు గదిలో కుట్టుకుంటుంటే హాల్లో కూర్చుని అనుకున్నాం. నువ్వు వింటే ఒప్పుకోవని… అమ్మకి మోకాళ్లు. మెట్లెక్కలేకపోతోంది. కింద గది ఒకటి కావాలి. ఆ గదికి వీధి తలుపుంటే వచ్చేపోయే జనం, ముసలావిడకి నిద్ర ఉండదు. నీ పని మేడమీద రేకుల గదిలో పెట్టుకోవచ్చు. వదిన అక్కడ నీకొక ఫ్యాను కూడా పెట్టిస్తానంది."

"ఇనప ప్రెస్సు మెట్లెక్కదు. తెచ్చిన రోజు నలుగురు కలిసి బండి దింపితే మీ వేలు నలిగి గోరు ఊడింది. ఎక్కదని మీకు తెలుసు. రేకుల కింద జిగురు కలిపిన గిన్నెలోనే ఎండిపోతుందనీ తెలుసు. తెలిసే గీశారు."

"మనుషులు ముఖ్యమా, మిషన్లు ముఖ్యమా?" అంది తోడికోడలు. ఇక దాచుకోవటానికేం లేదు కనక ఆమె గొంతుకి బలం వచ్చింది. "అత్తయ్యగారు ఈ వయసులో మెట్లెక్కి చావాలా, నువ్వు చింకి పుస్తకాలు కుట్టుకోవటానికి? ఎనిమిదేళ్లు భరించాం. జిగురు కంపు భరించాం. ఎవడెవడో వచ్చి గుమ్మంలో నిలబడితే భరించాం. ఇది కొంపా, కొట్టా?"

"అయితే పొద్దున నా పుస్తకాలకి చెమ్మ తగులుతుందని బెంగపడింది ఎవరక్కా?"

బైండరమ్మ అత్తగారి వైపు తిరిగింది. "మీరడిగారా అత్తయ్యా, నా గది కావాలని?"

అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ఆలోచించి చెప్పింది. "నేను కావాలనలేదు. ఇస్తామంటే వద్దనలేదు."

ఇంతకంటే నిఖార్సైన మాట ఆ పూట ఆ ఇంట్లో ఇంకెవరూ అనలేదు. బైండరమ్మ తల ఊపి మేస్త్రీ దగ్గరకు వెళ్లింది.

"మేస్త్రీగారూ, ఆ గోడ తీసెయ్యాలి."

"ఏ తియ్యటం, అమ్మా? తెలిసేలా చెప్పండి."

"పడగొట్టాలి. నా తలుపు మళ్లీ అక్కడ నిలబెట్టాలి."

మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. "పై నాలుగు వరసలూ పెట్టి గంట కూడా కాలేదు. చేత్తో లాగినా వస్తాయి. కిందివి ఇవాళైతే ఉలితో పోతాయి, ఇటుక కూడా పగలదు. రేపటికి గట్టిపడుతుంది, ఇక సమ్మెట దెబ్బలే. కానీ నాకు గీత కావాలి."

"నేను గీస్తాను."

"ఆవిడ గీస్తే చెల్లదు," అంది తోడికోడలు. "ఇల్లు అత్తయ్యగారి పేరున ఉంది."

"పొద్దున చినబాబు గీసినప్పుడు కూడా పెద్దమ్మగారి పేరునే ఉందమ్మా," అన్నాడు మేస్త్రీ. "ఇంట్లో ఉండే మనిషి ఎవరు గీసినా నాకు గీతే." పెన్సిలు ఆమెకిచ్చాడు.

హాల్లోంచి తన గదిలోకి వెళ్లింది. వీధి వెలుతురు పోయి గది గుహలా ఉంది. లైటు వేసింది. గుట్టలు గుట్టలుగా పుస్తకాలు, విప్పినవి ఒకవైపు, కుట్టినవి ఒకవైపు, అన్నిటి మీదా సిమెంటు దుమ్ము. ప్రెస్సు మీద ఎవరో నీళ్లచెంబు పెట్టి మర్చిపోయారు. ఆ చెంబు తీసి కింద పెట్టి, పచ్చిగోడ మీద పై మూల నుంచి కింది మూలకి ఒక గీత, దాన్ని కోస్తూ ఇంకో గీత లాగింది. పెన్సిలు ములుకు తడి సిమెంటులో దిగబడి రెండుసార్లు ఆగింది. సంతకం చేసింది. ఇటుకల మీద సంతకం కుదురుగా రాలేదు. అయినా ఆమెదేనని తెలుస్తోంది.

"వద్దు," అన్నాడు మొగుడు వెనక నుంచి. "వీధిలో అందరూ చూస్తారు. పరువు పోతుంది."

"తలుపు పీకినప్పుడు వీధిలో ఎవరూ లేరా?"

"నేను చెప్పేది విను. ఇవాళ కాదు. ఇవాళొక్కరోజు ఆగు."

ఇవాళొక్కరోజు అన్న మాట ఆమెకు వింతగా తోచింది. రేపటికి గోడ గట్టిపడుతుందని ఇప్పుడేగా మేస్త్రీ చెప్పాడు. కానీ అతని గొంతులో ఉన్నది గోడ గురించిన తొందర కాదు, ఇంకేదో. స్టూలు లాక్కుని ఎక్కి, పైవరసలో నడిమి ఇటుకని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ కదిపింది. మేస్త్రీ కింద తాపీ పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. ఇటుక బురదలోంచి కాలు వచ్చినట్టు చప్పుడు చేస్తూ ఊడి చేతిలోకి వచ్చింది. ఆ కంతలోంచి ఎండ నేరుగా ఆమె మొహం మీద పడింది.

కళ్లు చికిలించి చూస్తే వీధిలో బడి వ్యాను ఆగి ఉంది. దాని అటెండరు గోడ ముందు నిలబడి, అటూ ఇటూ చూసి, కంతలో మొహం కనబడేసరికి దగ్గరకొచ్చాడు.

"అమ్మా, మీరేనా? ఇదేంటి, ఇక్కడ తలుపుండాలిగా. ఎటునుంచి రావాలి? పుస్తకాలు వెనక్కి తీసుకురమ్మని లైబ్రరీ మేడమ్ పంపారు."

"వెనక్కా? ఇంకా రెండువందల చిల్లర విప్పి ఉన్నాయి. ఎవరు తీసుకెళ్లమన్నారు?"

"మీరే కదమ్మా. పదకొండింటికి ఫోన్ చేశారుగా. ఒంట్లో బాగుండటం లేదు, చూపు ఆనటం లేదు, ఇక బైండింగు చెయ్యలేను, అన్నీ తీసుకెళ్లిపొమ్మని. ఫోన్ తీసింది నేనే. బైండరమ్మని మాట్లాడుతున్నా అన్నారు. గొంతు పెద్దావిడలా వినబడితే జలుబు చేసిందేమో పాపం అనుకున్నాను."

బైండరమ్మ స్టూలు మీదే వెనక్కి తిరిగింది. తోడికోడలు ఈ మాట మొదటిసారి విన్నట్టే నోరు తెరిచి అత్తగారి వైపు చూస్తోంది. అత్తగారు మాత్రం ఎవరివైపూ చూడలేదు. గదిలోకి వచ్చి, పుస్తకాల గుట్ట మీద దుమ్ము చీరకొంగుతో దులిపి, దానిమీద కూర్చుంది.

"నేనే చేశాను," అంది. "దొంగతనం ఏం కాదు, చెప్పే చేశాను వీడికి. అదొక్కటే కాదు, ఇంకో ఫోన్ కూడా చేశాను. నీ పుట్టింటికి, మీ అన్నయ్యకి. సాయంత్రానికి వస్తున్నాడు."

"మా అన్నయ్య ఎందుకు?"

అత్తగారు కొడుకు వైపు చూసింది. "చిన్నోడా, నువ్వు చెబుతావా, నన్నే చెప్పమంటావా?"

డ్రైవరు గుమ్మానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఖాకీ చొక్కా గుండీలన్నీ ఊడి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే పెట్టుకోవటం మొదలుపెట్టాడు, ఇప్పుడే ఎక్కడికో బయల్దేరాల్సిన పని ఉన్నట్టు.

బైండరమ్మ చేతిలో ఇటుకని మేస్త్రీకి అందించింది. ముందుకు తిరిగి పక్క ఇటుకని పట్టుకుంది.

"ఎవరో ఒకరు చెప్పండి," అంది. "చెవులతో వింటాను. చేతులు ఖాళీగా లేవు."